నిచ్చెనమ్మ దాచలేకపోయిన మాట

ఏడేళ్ళు నోరు మూసుకుని కూర్చున్నాను. నాలాంటిదానికి అదెంత శిక్షో మా ఇంట్లోవాళ్ళను అడగండి, కథలు కథలుగా చెబుతారు. ఒక మాట కడుపులో పెట్టుకుంటే నాకు తిన్నది అరగదు. అలాంటిది, ఇది బయటికి పొక్కితే మా వదిన జైలుకు వెళ్తుందని తెలిసి ఏడేళ్ళూ పళ్ళ బిగువున నెట్టుకొచ్చాను. చట్టం పెట్టిన రహస్యం గడువు మొన్న గురువారంతో తీరిపోయింది. ఇక ఎవరి మీదా కేసు పెట్టడానికి లేదని వకీలు కూడా కాగితాలు తిరగేసి చెప్పాడు. అందుకని రాస్తున్నాను, మా వదిన గురించీ, మా వీధి టైలరు మాస్టారి గురించీ. వాళ్ళిద్దరికీ చెప్పాల్సిన కృతజ్ఞత ఇన్నాళ్ళూ నా గొంతులోనే ఉండిపోయింది.

మా వదినను మా చుట్టుపక్కల ఎవరూ పేరుపెట్టి పిలవరు. నిచ్చెనమ్మ అంటారు. భుజాన నిచ్చెన, నడుముకు పనిముట్ల సంచి, చెవి వెనక పెన్సిలు లేకుండా ఆమెను చూసినవాళ్ళు తక్కువ. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేది. అది మూతపడ్డాక తనకు తెలిసిన తీగల పనే పట్టుకుని ఇళ్ళకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. పెద్ద కంపెనీవాళ్ళు మా సందులు మరీ ఇరుకని, గోడలు పాతవని సాకులు చెప్పి ఇటువైపు తొంగిచూడలేదు. వదిన మాత్రం ఒక్కో డాబా ఎక్కి, ఒక్కో ఇంటివాళ్ళను బతిమాలి, కిటికీ పక్కనుంచీ మెట్ల కిందనుంచీ తీగ లాగింది. మొదట ఇరవై ఇళ్ళు. నేను చేరేనాటికి నాలుగు వందలు దాటాయి. కనెక్షన్ ఇవ్వగానే సంచి సర్దుకుని వచ్చేసే రకం కాదు. ముసలివాళ్ళుంటే పక్కన కూర్చుని, దూరాన ఉన్న మనవరాలి మొహం తెర మీద కనబడేదాకా కదిలేది కాదు.

ఆమెకో పట్టింపు ఉండేది. ఎవరింట్లో ఏం చూస్తున్నారో మాట వరసకైనా మాట్లాడనిచ్చేది కాదు. ఒకసారి నేను ఉబలాటం ఆపుకోలేక, "వదినా, మూలింటి లెక్కల సారు పొద్దస్తమానం ఏం చూస్తాడో గానీ, నెట్ అంతా ఆయనే తాగేస్తున్నాడు" అన్నాను.

"మనం తీగ వేసేవాళ్ళమే, తొంగిచూసేవాళ్ళం కాదు. ఇంకోసారి అడిగావంటే నిన్ను ఈ నిచ్చెనకి కట్టేస్తా" అంది. అన్నంత పనీ చేసే మనిషి.

ఇక నా సంగతి. నేను ఆమెకు ఆడపడుచును. అప్పటికి మూడు ఉద్యోగాలు పోగొట్టుకున్నాను, మూడూ నోటి దురుసు వల్లే. పళ్ళ డాక్టరు దగ్గర చేరితే, గంట ఆలస్యంగా వచ్చాడని రోగులందరి ముందూ ఆయన్ను కడిగేశాను. బట్టల కొట్లో చేరితే, ఒకావిడతో ఆ రంగు మీకు అస్సలు నప్పలేదని చెప్పేశాను. మూడోది చెప్పను, అక్కడ తప్పు నిజంగానే నాది. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న నన్ను చూసి మా అన్నయ్య నిట్టూర్చేవాడు. వదిన నిట్టూర్చలేదు.

"ఏయ్ మిరపకాయ్, లే. ఫిర్యాదుల ఫోను ఎత్తడానికి మనిషి కావాలి. నెట్ రావట్లేదని జనం నిన్ను తిడతారు. నువ్వు తిరిగి తిట్టకూడదు. చేతనవుతుందా?"

"చేతకాదు."

"నేర్చుకుంటావులే" అని తాళంచెవి నా చేతిలో పెట్టింది. నన్ను మార్చాలని చూసినవాళ్ళే తప్ప, నేను నేర్చుకుంటానని నమ్మినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. ఆ ఒక్క మాటకే ఆమెకు సగం అమ్ముడుపోయాను.

మా ఆఫీసంటే లాండ్రీ మీద రెండు గదులు. ఇస్త్రీ ఆవిరి మెట్ల మీదుగా పైకి వచ్చి మా కాగితాలన్నిటినీ మెత్తబరిచేది. ముందు గదిలో బల్ల, ఫోను, రెండు కుర్చీలు. వెనక గదిలో పచ్చదీపాలు మినుకుమినుకుమనే యంత్రాలు, వాటి వేడికి ఎప్పుడూ తిరిగే ఫ్యాను. మా అన్నయ్య స్కూలు బస్సు నడిపేవాడు. మధ్యాహ్నం ఖాళీలో వచ్చి మా ఇద్దరికీ అన్నం క్యారియరు ఇచ్చి, పనిలో పనిగా యంత్రాల మీద దుమ్ము తుడిచేవాడు. యాభైమంది పిల్లల గోలకు చలించని మనిషి. ప్రభుత్వ ముద్ర ఉన్న కవరు చూస్తే మాత్రం ఆయనకు చెమటలు పట్టేవి.

అలాంటి కవరొకటి వచ్చింది. కొత్త చట్టం. ఇంటర్నెట్ ఇచ్చే ప్రతివాళ్ళూ, కోటి ఇళ్ళకిచ్చినా నాలుగు వందల ఇళ్ళకిచ్చినా, ఏ ఇల్లు ఏ నిమిషంలో ఏ నంబరు మీద బయటికి వెళ్ళిందో చిట్టా రాసి ఏడాదిపాటు దాచాలి. అధికారులు అడిగితే రెండు రోజుల్లో ఇవ్వాలి. అడిగారన్న సంగతి ఆ ఇంటివాళ్ళకు ఏడేళ్ళదాకా చెప్పకూడదు. చెబితే మూడేళ్ళ జైలు.

నంబరంటే ఆసుపత్రిలో ఇచ్చే టోకెన్ లాంటిదే. మాలాంటి చిన్నవాళ్ళ దగ్గర నంబర్లు తక్కువ, ఇళ్ళు ఎక్కువ. అందుకని ఒకే నంబరు ఈ నిమిషం ఒకరింట్లో ఉంటుంది, కాసేపయ్యాక ఇంకొకరింటికి పోతుంది. ఏ నిమిషంలో ఎవరి దగ్గరుందో చూసి చెప్పడమే మా నెత్తిన పడ్డ కొత్త పని.

పెద్ద కంపెనీలకేం, చట్టం చదవడానికే ఒక అంతస్తు నిండా మనుషులుంటారు. మేము ఇద్దరం. వంతెన అవతల మాలాగే చిన్నగా నడుపుకునే పెద్దాయన ఒకాయన ఆ కాగితం చదివి, తన తీగలన్నీ పెద్ద కంపెనీకి అప్పగించేసి మొక్కలు అమ్ముకోవడం మొదలుపెట్టాడు. "మొక్కలైతే ఎవరు ఏ పువ్వు వాసన చూశారో రాసిపెట్టమని ఎవరూ అడగరు తల్లీ" అన్నాడు నాతో. మనమూ వదిలేద్దామన్నాడు అన్నయ్య. వదిన మూడు రోజులు ముభావంగా తిరిగింది.

నాలుగో రోజు, "మనం వదిలేస్తే ఈ సందుల్లోకి ఎవరొస్తారు? పై మేడ మామ్మగారు మనవరాలితో ఎలా మాట్లాడుతుంది?" అని, చిట్టా రాసే పెట్టె ఒకటి తెప్పించింది. చూడ్డానికి అన్నయ్య తెచ్చే క్యారియరంత ఉండేది. దాని ముందు నిలబడి, "చివరికి తొంగిచూసే పనే మన చేత చేయిస్తున్నారు" అంది. అంత నీరసంగా ఆమె గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

పెట్టె వచ్చిన నాలుగు నెలలకు మొదటి ఉత్తర్వు వచ్చింది. ఒక పెద్ద కార్యాలయాన్ని తగలబెడతానని ఎవరో బెదిరింపు సందేశం పంపారట. ఐదు వారాల కిందటి ఫలానా తేదీ, సాయంత్రం నాలుగూ ఐదు నిమిషాలకు, ఫలానా నంబరు ఎవరింట్లో ఉంది? వదిన ఏదో డాబా మీద పనిలో ఉంది. నేనే పెట్టెలో వెతికాను. నాలుగూ ఐదుకు ఆ నంబరు టైలరు మాస్టారి దగ్గరుంది. జవాబు టైపు చేసి ఉంచాను. వదిన చీకటిపడే వేళకు వచ్చి, చేతులకంటిన మట్టి కూడా కడుక్కోకుండా చదివింది.

"టైలరు మాస్టారా?" అంది, నమ్మలేనట్టు.

"చెప్తున్నది పెట్టె వదినా, నేను కాదు" అన్నాను.

ఆమె మరోసారి చదివి సంతకం పెట్టింది.

మాస్టారి గురించి చెప్పాలి. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. నోట్లో సూదులుండడం వల్లనో ఏమో, మాట బహు తక్కువ. మనిషి ఎదురైతే ముందు భుజాల కొలత చూస్తాడు, మొహం తర్వాత. స్కూలు పిల్లల యూనిఫాంలు కుట్టేవాడు. నెట్ పెట్టించుకున్నది కొత్తరకం కత్తిరింపులు చూసి నేర్చుకోవడానికి, అరవై దాటిన వయసులో. అలాంటి మనిషిని ఒక పొద్దున షాపు షట్టరు ఎత్తుతుండగా జీపులో ఎక్కించుకుపోయారు. కంప్యూటరు, ఫోను పట్టుకుపోయారు. కొలతల పుస్తకం కూడా పట్టుకుపోయారు. పిల్లల నడుము చుట్టుకొలతల్లో వాళ్ళకేం దొరుకుతుందనుకున్నారో వాళ్ళకే తెలియాలి.

నాలుగో రోజు ఆయన భార్య మా మెట్లెక్కి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. వదిన చేతులు రెండూ పట్టేసుకుంది.

"నిచ్చెనమ్మా, నాలుగిళ్ళు తిరిగే మనిషివి. నీకు తెలిసినవాళ్ళెవరినైనా అడిగి చూడమ్మా. ఆయనేం చేశాడో చెప్పరు. ఎప్పుడు వదుల్తారో చెప్పరు. యూనిఫాంలు కుట్టమన్నవాళ్ళు గుడ్డ వెనక్కి తీసుకెళ్ళిపోతున్నారు. ఎదురింటివాళ్ళు నన్ను చూసి తలుపేసుకుంటున్నారు. ముప్పై ఏళ్ళుగా ఉన్న వీధమ్మా ఇది!"

నేను ఫోను తీగను వేలికి చుట్టుకుంటూ బల్లకేసి చూస్తున్నాను. మేమే ఇచ్చాం పేరు, ఆవిడ మా ముందే నిలబడి మమ్మల్నే సాయం అడుగుతోంది! తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"కనుక్కుంటాను అక్కా" అని మాత్రం అనగలిగింది వదిన.

ఆవిడ మెట్లు దిగిన చప్పుడు ఆగాక వదిన నావైపు తిరిగింది. "ఆ ఉత్తర్వులో తేదీ ఏది? మళ్ళీ చదువు." చదివాను. పని చీటీల కట్ట తీసి ఒక్కొక్కటే తిరగేసింది. ఎక్కడ ఏ మరమ్మతు చేసినా వేళ రాసి ఇంటివాళ్ళ సంతకం తీసుకోవడం ఆమె పద్ధతి. ఒక చీటీ దగ్గర ఆగింది. ఎలుక కొరికిన తీగ మార్చడానికి అదే రోజు ఆమె మాస్టారి షాపులోనే ఉంది.

"నాలుగింటికి నేనే పీకాను. నిమిషం తక్కువైనా కాదు, ఎక్కువైనా కాదు, నా ఫోను చూసి రాశాను. నాలుగుంపావుకి మళ్ళీ పెట్టాను. నాలుగూ ఐదుకి ఆయనకి లైనే లేదు కదే! లేని లైన్లోంచి బెదిరింపు ఎలా వెళ్తుంది?"

వెనక గదిలోకి పరుగెత్తింది. పెట్టెలో సమయం చూసింది, ఫోను చూసింది, మళ్ళీ పెట్టె చూసింది. పెట్టె పదకొండు నిమిషాలు ముందుంది.

"దీంట్లో టైము ఎవరు పెట్టారు?"

"నేనే."

"దేన్ని చూసి?"

చెయ్యెత్తి గోడ గడియారం చూపించాను.

మా గోడ గడియారం పదకొండు నిమిషాలు ముందుంటుంది. నేను రోజూ ఆలస్యంగా వస్తున్నానని వదినే అలా తిప్పి పెట్టింది. అది ముందుందని మా ఇద్దరికీ తెలుసు కాబట్టి, చూడగానే మనసులో పదకొండు తీసేసుకోవడం అలవాటైపోయింది. పెట్టె బిగించిన రోజు, ఆ వచ్చినవాడు ఫోను చెవికి ఆనించుకునే "టైము కొట్టండి మేడం, త్వరగా" అని తొందరపెట్టాడు. తలెత్తి, ఉన్నది ఉన్నట్టు కొట్టేశాను. తీసేయడం మర్చిపోయాను. బయటినుంచి సరైన సమయం తనంతట తనే తెచ్చుకునే ఏర్పాటు ఆ పెట్టెలో ఉందట, దాన్ని ఆన్ చేయకుండానే వాడు పోయాడు. పెట్టెలో నాలుగూ ఐదంటే అసలు టైము నాలుగుకు ఆరు నిమిషాలు తక్కువ, అప్పటికింకా మాస్టారికి లైనుంది. నిజమైన నాలుగూ ఐదుకు చూస్తే ఆ నంబరు మాస్టారి దగ్గర లేనే లేదు. వీధి చివరి లాడ్జిలో ఉంది. అక్కడికి రోజుకు ఎంతమంది వచ్చిపోతారో లెక్కే లేదు.

నా ఒక్క పరధ్యానానికి ఒక పెద్దమనిషి నాలుగు రోజులుగా లోపల కూర్చున్నాడు. కింద కూలబడి ఏడవడం మొదలుపెట్టాను. వదిన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"ఏడుపు తర్వాత. ముందు కాగితం తియ్యి. తప్పు మనదని రాసిద్దాం" అంది.

అప్పుడే క్యారియరు పట్టుకుని వచ్చిన అన్నయ్య సంగతి విని గుమ్మంలోనే నిలబడిపోయాడు. "మనంతట మనమే వెళ్ళి చెప్తే లైసెన్సు ఉంచుతారా? నాలుగు రోజులు చూద్దాం. వాళ్ళే తెలుసుకుని వదిలేస్తారేమో."

"ఆ నాలుగు రోజులూ నువ్వెళ్ళి లోపల కూర్చుంటావా?" అంది వదిన.

అన్నయ్య క్యారియరు బల్ల మీద పెట్టి, "పద, నేనూ వస్తా" అన్నాడు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది, అయినా వచ్చాడు. మా అన్నయ్యను నేను చాలాసార్లు పిరికివాడని ఎగతాళి చేశాను. ఆ రోజు తర్వాత చేయలేదు.

స్టేషన్లో పెద్ద అధికారి మా ఉత్తరం, పని చీటీ రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "దీని మీద మీకు విచారణ ఉంటుంది" అన్నాడు. "ఇంకోటి వినండి. పేరు మీ దగ్గర్నుంచి వచ్చిందని ఆయనతో గానీ, ఇంట్లోవాళ్ళతో గానీ అన్నారో, ఈసారి లోపలుండేది మీరు." వదిన తలూపింది. మర్నాడు సాయంత్రం మాస్టారిని వదిలేశారు. ఎందుకు తీసుకెళ్ళారో, ఎందుకు వదిలారో ఆయనకు ఒక్క ముక్క చెప్పలేదు.

రెండు రోజులకు మాస్టారు మా ఆఫీసుకు వచ్చాడు. ఐదు రోజులకే మెడ సన్నబడిపోయింది. చేతిలో మందపాటి గుడ్డతో కుట్టిన కొత్త పనిముట్ల సంచి, స్క్రూడ్రైవరుకో అర, కత్తెరకో అర.

"మీరు స్టేషనుకొచ్చి నా గురించి మంచి మాట చెప్పారటమ్మా. వీధిలోవాళ్ళు చూశారట. ఇంకెవరూ రాలేదు. మీ మేలు ఈ జన్మకి మర్చిపోను" అని సంచి బల్ల మీద పెట్టాడు.

వదిన దాన్ని ముట్టుకోలేదు.

"నా మీద చెప్పిందెవరో కూడా నాకు తెలుసులెండి" అన్నాడు మాస్టారు. ఆయన అన్ని మాటలు వరసగా అనడం నేను చూడటం అదే మొదలు. "పక్క షాపు మంగలి. మురిక్కాలవ దగ్గర ఆ మధ్య మాటా మాటా అనుకున్నాం. ముప్పై ఏళ్ళు ఒకే కుండలో నీళ్ళు తాగాం, అలాంటివాడు నా మీద చెప్తాడా? వాడి మొహం చూడను. వాణ్ణి ఆ షాపులోంచి ఖాళీ చేయించమని యజమానికి చెప్పొచ్చాను."

వదిన మొహం చూశాను. ఏం చేయబోతోందో అర్థమైపోయి, బల్ల కింద ఆమె కాలు గట్టిగా తొక్కాను. ఎప్పుడూ నా నోటికి ఆమె అడ్డు, ఆ రోజు ఆమె నోటికి నేను. కాలు లాగేసుకుంది.

"మంగలి చెప్పలేదు మాస్టారూ. మీ పేరు ఇచ్చింది మేం. మా పెట్టెలో టైము తప్పుంది. చూసుకోకుండా సంతకం పెట్టాను. ఇది మీకు చెప్పకూడదు, చెప్తే నన్ను జైల్లో వేస్తారు. కానీ మీరు నాకు దణ్ణాలు పెట్టి, ఆయన్ని తిట్టుకుంటుంటే నేను చూస్తూ ఊరుకోలేను."

"టైము పెట్టింది నేను" అన్నాను.

మాస్టారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మెల్లగా వెనక్కి తిరిగి, సంచి అక్కడే వదిలేసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ సంచిని వాడే ధైర్యం వదినకు ఎప్పటికీ రాలేదు. మర్నాడు ఆయన మంగలి షాపులో కళ్ళు మూసుకుని గడ్డం గీయించుకుంటూ కనబడ్డాడు. అది చూసి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. మా కనెక్షన్ మాత్రం తీసేయమని కబురు పంపాడు. వదినే వెళ్ళి తీసేసి వచ్చింది. ఆ పని చీటీ మీద ఆయన సంతకం పెట్టాడు గానీ తలెత్తలేదట.

రెండు నెలలకు విచారణకు రమ్మని నోటీసు వచ్చింది. మాస్టారికి కూడా వచ్చిందని తెలిసింది. తప్పు పేరు ఇచ్చిన కేసుల్లో, రహస్యం దాచారా లేదా అని నష్టపోయిన మనిషిని పిలిచి అడుగుతారట. ఆయన ఒక్క మాట నిజం చెబితే చాలు, వదిన మూడేళ్ళు లోపల. కోపం ఉండదా ఆయనకు? నాకైతే ఉండేది. నేనైతే ఇల్లెక్కి అరిచేదాన్ని.

"ఒక్కసారి వెళ్ళి బతిమాలుదాం" అన్నాడు అన్నయ్య.

"వద్దు" అంది వదిన. "ఐదు రోజులు లోపలున్నది ఆయన. ఆయన నోటికి తాళం వేయడానికి మనమెవరం?"

విచారణ గది పొడుగ్గా, సున్నం వాసన వేస్తూ ఉంది. బల్లకు అటువైపు విచారణ అధికారి, పక్కన టైపు చేసే ఆవిడ. మేం ఒకవైపు, మాస్టారు కిటికీ పక్కన ఒంటరిగా. అధికారి ముందు గడియారం సంగతి తీశాడు.

"యంత్రంలో సమయం తప్పుగా పెట్టింది ఎవరు?"

"నేనేనండి" అంది వదిన, కళ్ళార్పకుండా.

నేను గబుక్కున లేచాను. "అబద్ధమండీ! పెట్టింది నేను."

"నువ్వు కూర్చో."

"కూర్చోను. గోడ గడియారం చూసి కొట్టింది నేను. ఈవిడ అప్పుడు ఆఫీసులోనే లేదు."

"గడియారం ముందుకి తిప్పింది నేనండి. సంతకం నాది. ఆఫీసు నాది. ఈ పిల్లకి ఒంట్లో బాగాలేదు, మాటలు పట్టించుకోకండి."

"ఎవరికి బాగాలేదు? గుండ్రాయిలా ఉన్నాను!"

టైపు చేసే ఆవిడ చేతులు ఆపేసి నవ్వు దాచుకుంది. అధికారి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "నా ఇరవై ఏళ్ళ సర్వీసులో తప్పు నాదంటే నాదని కొట్టుకున్నవాళ్ళను చూడలేదు. ఇద్దరూ కూర్చోండి" అన్నాడు. మూడు ఉద్యోగాలు పోగొట్టుకున్నదాన్ని నేను. ఏ యజమానీ నా తప్పు తన మీద వేసుకోలేదు, నేను చేయని తప్పులు కూడా నా మీదే వేశారు. ఆమె పక్కన కూర్చుని, ఈ మనిషి కోసం ఏమైనా చేస్తాను అనుకున్నాను.

మీరే వచ్చి ఒప్పుకున్నారు కాబట్టి లైసెన్సు ఉంచుతున్నామన్నాడు అధికారి. ఆరు నెలలు కొత్త కనెక్షన్లు ఇవ్వకూడదు, ప్రభుత్వం ఒప్పుకున్న యంత్రమే వాడాలి. ఆ యంత్రం ఖరీదుకు నెల బిల్లు పెంచాల్సివచ్చి, తర్వాత సగం ఇళ్ళు పోయాయి. ఇప్పటికీ మిగిలినవి రెండు వందలే. అయినా అప్పుడు అన్నయ్య మొహంలో ప్రాణం వచ్చింది.

"ఇంకొక్క ప్రశ్న" అని అధికారి మాస్టారి వైపు తిరిగాడు. "మా నోటీసు మీకు అందకముందు, మీ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకెవరైనా చెప్పారా?"

మాస్టారు అబద్ధమాడే మనిషి కాడు. గుడ్డ ఒక అంగుళం ఎక్కువ కత్తిరించినా తానే వాళ్ళింటికి వెళ్ళి చెప్పి వస్తాడు. అన్నయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. వదిన తల వంచుకోలేదు, ఆయన్నే చూస్తూ ఉంది.

"లేదండి" అన్నాడు మాస్టారు.

"బాగా ఆలోచించుకోండి. తర్వాత అబద్ధమని తేలితే మీ మీద కూడా కేసవుతుంది."

"నాకెవరూ ఏమీ చెప్పలేదండి. ఐదు రోజులు లోపల కూర్చోబెట్టి మీరూ చెప్పలేదు. వీళ్ళూ చెప్పలేదు."

టైపు చేసిన కాగితం ముందుకు జరిపారు. ఆయన పూర్తిగా చదివి సంతకం చేశాడు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. దగ్గు వచ్చినట్టు నటించి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

బయట వరండాలో ఆయన చెప్పులు వేసుకుంటుంటే వదిన చేతులు జోడించుకుంటూ దగ్గరికి వెళ్ళబోయింది. ఆయన తల తిప్పకుండానే, పెదవులు కదిలీ కదలనట్టు అన్నాడు.

"రాకండమ్మా. కిటికీలోంచి చూస్తున్నారు. మీతో నాకు మాటల్లేవు. అలాగే ఉండాలి."

జోడించబోయిన చేతులతో వదిన కొంగు సర్దుకుంది. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆయన మా గుమ్మం తొక్కలేదు. మేము ఆయన షాపులో అడుగు పెట్టలేదు. వీధిలో ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. కనెక్షన్ గురించి ఏదో గొడవపడ్డారట, మాస్టారికి ఇంకా కోపం చల్లారలేదు పాపం, అని అందరూ అనుకునేవారు. అది వింటూ నేను నాలుక కొరుక్కునేదాన్ని. వదిన నిచ్చెన మోసుకుంటూ ఆ షాపు ముందునుంచి వెళ్ళేటప్పుడు నడక కాస్త నెమ్మది చేసేది. లోపల మాస్టారు తలెత్తకుండానే కుట్టుమిషను ఆపి, ఆమె దాటాక మళ్ళీ తొక్కేవాడు. అన్నేళ్ళలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది అంతే. పనిముట్ల సంచి పట్టుకుని వెనకాల నడుస్తూ, నేను ఇద్దరికీ మనసులోనే దణ్ణం పెట్టుకునేదాన్ని.